పై వివరములన్నీ నిజమని

కాంప్లెక్స్ వెనక సందులో మా షాపు.
జిరాక్స్ రెండ్రూపాయలు, టైపింగు పేజీకి ముప్ఫై,
రెజ్యూమె అయితే వంద, రెండుసార్ల దాకా మార్పులు ఫ్రీ.
పధ్నాలుగేళ్ళుగా ఈ కీబోర్డు మీద
ఎంతమంది ఇంజనీర్లు పుట్టారో లెక్కలేదు.
మీటల మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి,
వేళ్ళకి తెలుసు కాబట్టి బండి నడుస్తోంది.

అందరూ కష్టపడి పనిచేసేవాళ్ళే.
అందరూ నలుగురిలో కలిసిపోయేవాళ్ళే.
ఓసారి ఒకడి పేరు తీసి ఇంకొకడిది పెడుతూ
తండ్రి పేరు మార్చడం మర్చిపోయాను.
ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చింది కూడా.
ఎవరూ చదవలేదన్నమాట.

మొన్న శుక్రవారం, మే నెల ఉక్కపోతలో,
షట్టరు సగం దించాక
ఓ పిల్ల వంగి లోపలికొచ్చింది.
మెకానికల్. అరవై రెండు శాతం.
రేపు తొమ్మిదింటికి అచ్యుతాపురంలో వాకిన్.
పెన్ డ్రైవులో సీనియరెవరిదో రెజ్యూమె.
"పేరొక్కటీ మార్చండి చాలు. ఎం. రత్న అని."
ఆధార్లో మైలపిల్లి నూకరత్నం.
"నూక ఏమైంది?"
"కాలేజీలో నవ్వేవోరండి."

ప్రాజెక్టు: ఎండతో నడిచే గడ్డి కోత యంత్రం.
దాన్ని ఈ ఒక్క ఏడాదే
పదకొండుసార్లు టైపు చేశాను.
ఒక్క గడ్డిపరక కోసిన దాఖలా లేదు.
"నువ్వు చేశావా?"
"కొన్నామండి. అయిదుగురం కలిసి."
తల దించుకుంది. నేనూ కిందికే చూశాను.
గోళ్ళ అంచుల్లో సబ్బుకి లొంగని నలుపు.

"అదేటి?"
"గ్రీజండి. ఫిషింగ్ హార్బర్లో, మా మావయ్య దగ్గర.
ఇప్పుడు వేట బందు కదా, బోట్లన్నీ కట్టేసుంటాయి.
ఇంజన్లు విప్పుతాం."
"విప్పి?"
"బిగిస్తాం."

నవ్వు ఆపుకుని కుర్చీ లాగాను.
నూతిలో పడ్డ చేదకి పాతాళభేది వేసినట్టు
అడిగాను, మళ్ళీ అడిగాను.
ఒక్కొక్కటే తగులుకుని పైకొచ్చింది.
ఉప్పునీళ్ళకి కూలింగు పంపులు ఊరికే పోతాయట.
నడిసంద్రంలో పోతే
ఇంకో బోటు తాడేసి లాక్కురావాలట,
డీజిలు దండగ, ఐసు నీళ్ళు, వేట సున్నా.
ఏ బోటు పంపు ఎన్ని గంటలకి పోయిందో
రెండేళ్ళు లాంగు నోటుబుక్కులో రాసిపెట్టిందట.
ఆ లెక్క చూసి, పోకముందే మార్పించిందట.
"అంతకుముందు ఏడాదికి తొమ్మిది బోట్లు లాక్కొచ్చేవోరండి.
నిరుడు రెండే."

"ఇదమ్మా రాయాల్సింది."
"ఇదీ రాస్తారేటండి? ఇది పని కదా!"

కష్టపడే తత్వాన్ని తీసేశాను.
తొమ్మిది, రెండు అని పక్కపక్కన పెడితే
కష్టం దానంతటదే తెలుస్తుంది.
గడ్డి యంత్రాన్ని కిందికి దించి
'అయిదుగురం' అని చేర్చాను.
తప్పిన సబ్జెక్టుని దాచలేదు, దండోరా వేయలేదు.
పాటలు వినడం మాత్రం ఉండనిమ్మని బతిమాలింది.
ఉండనిచ్చాను.
రెండో పేజీలోకి నాలుగు లైన్లు జారిపోతుంటే
"ఐసు పెట్టిలో చేపల్లాగ, తల ఒకటీ తోక ఒకటీ సర్దండి" అంది.
ఒక్క పేజీలో పట్టింది.

అట్టడుగున ఎప్పటి లైనే.
పై వివరములన్నీ నిజమని ఇందుమూలముగా…
వేళ్ళు వాటంతటవే కొట్టేసే లైను.
ఆ రాత్రి మాత్రం టైపు చేస్తూ చదివాను.

ప్రింటు వేడిగా ఉండగానే పైనుంచి కిందికి చూసింది,
తనది కాని ఉత్తరం చూసినట్టు.
"పైన నూక కూడా పెట్టీండి," అంది కాసేపాగి.
రెండో మార్పు. ఫ్రీయే.
సంతకం చోట పేరంతా రాసింది.
జాగా చాలక చివరి సున్న
మార్జిను దాటి బయట కూర్చుంది.

వందకి యాభై ఇచ్చింది.
మిగతాది ఉద్యోగం వచ్చాకట. అందరూ అనే మాటే.
అచ్యుతాపురంలో ఏమైందో ఇంకా తెలీదు.
ఖాతా పుస్తకంలో మాత్రం రాసుకున్నాను:
మైలపిల్లి నూకరత్నం, యాభై బాకీ.